తొందరపెడితే... ఫోన్ పెట్టేయండి!

'మీ కేవైసీ గడువు ముగిసింది. ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుంది'... ఫోన్లో గొంతు మర్యాదగానే ఉంటుంది. మన పేరు, కార్డు చివరి నాలుగంకెలూ చెబుతుంది. ఇంకేం, బ్యాంకువాళ్లేనని నమ్మేస్తాం. పింఛను డబ్బులో, అమ్మాయి పెళ్లికి దాచినవో ఖాతాలో ఉంటే కంగారు పడకుండా ఎలా ఉంటాం? మోసగాళ్లకు కావాల్సింది ఆ కంగారే.

పిన్, ఓటీపీ, సీవీవీ... వీటిని ఫోన్లోగానీ మెయిల్లోగానీ ఏ బ్యాంకూ అడగదు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు. 'రీఫండ్ పంపుతున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అన్నారంటే అది వచ్చే డబ్బు కాదు, పోయే డబ్బు!

వాట్సాప్‌లో 'కేవైసీ అప్‌డేట్', 'ట్రాఫిక్ చలానా' పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లు మరీ ప్రమాదం. ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మన ఫోన్‌కొచ్చే ఎస్సెమ్మెస్‌లు అవతలివాళ్లకు చేరతాయి. మనం నోరు విప్పకపోయినా ఓటీపీ వాళ్ల చేతికి చిక్కుతుంది.

మెయిల్ వస్తే లోగో చూసి నమ్మొద్దు. దాన్ని ఎవరైనా అతికించుకోవచ్చు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31కల్లా తమ వెబ్‌సైట్ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. లింకులో బ్యాంకు పేరు ముందుండి, చివర మరేదో ఉంటే అనుమానించాల్సిందే.

అన్నిటికీ ఒకటే మందు. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మనమే చేసి కనుక్కోవాలి. ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్న కస్టమర్ కేర్ నంబరును నమ్మొద్దు, అందులోనూ నకిలీలుంటాయి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయాలి. దొంగలు సొమ్మును నిమిషాల్లో ఖాతాలు మార్చేస్తారు. అది చేజారిపోకముందే చెబితే ఆపించే వీలుంటుంది.

చాలా ఇళ్లలో ఆ విలువైన సమయం సిగ్గుతోనే గడిచిపోతుంది. 'అబ్బాయికి తెలిస్తే ఏమంటాడో' అని పెద్దవాళ్లు లోలోపలే కుమిలిపోతారు. అందుకే ఏమీ జరగకముందే, ఇవాళే అమ్మానాన్నలతో ఓ మాట చెప్పండి... 'ఎప్పుడైనా అలా జరిగితే ముందు 1930కి చేయండి, ఆ వెంటనే మాకు. ఒక్క మాటా అనం' అని.