అతుకు వినబడని ఆవర్తనం

లూప్ పెడల్ చూడడానికి చిన్న పెట్టె. చాలా పెడళ్ళలో పాదంతో ఒకసారి నొక్కితే గిటారుపై మనం వాయించేది నమోదవుతుంది. రెండోసారి నొక్కితే అదే మొదటినుంచీ తిరిగి తిరిగి వినిపిస్తుంది. ఆపైన దానిమీద పొర వెనుక పొర వేసుకుంటూ పోవచ్చు. ఇంత సులువైన పనిలో, చుట్టు తిరిగి మొదలయ్యే చోట ఆ కుదుపు ఎందుకు వినబడుతుంది? మరింత ఖరీదైన పెడల్ కొనడమే దీనికి మందని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. అతుకు పెట్టెలో లేదు, మన లెక్కలో ఉంది.

నిమిషానికి 100 బీట్ల వేగంలో, 16 బీట్ల చుట్టు ఒకటి అనుకుందాం. ఒక్కో బీటు 0.6 సెకన్లు, మొత్తం చుట్టు 9.6 సెకన్లు. పదహారో బీటు మీటగానే పని ముగిసిందనుకొని పాదం నొక్కేస్తాం. కాని ఆ పదహారో బీటు కూడా తన 0.6 సెకన్లూ నిండాలి కదా! నొక్కవలసింది పదిహేడో బీటు మీద, అంటే తరువాతి చుట్టులోని ఒకటో బీటు మీద. మామూలు వాయింపులో తొట్రుపాటు ఒక్కసారి వినబడి మరుగున పడుతుంది. ఇక్కడ సెకనులో పదోవంతు తొందర, మూడు నిమిషాల పాటలో పద్దెనిమిది సార్లు పలకరిస్తుంది.

కర్ణాటక సంగీతం వినేవారికి ఈ సంగతి కొత్త కాదు. ఆది తాళంలో ఎనిమిదో అక్షరంతో ఏదీ ముగిసిపోదు. మృదంగ విద్వాంసుని ముక్తాయింపు వచ్చి వాలేది సమం మీదనో, కీర్తన ఎత్తుగడ మీదనో. ముగింపుకు చోటు తరువాతి ఆరంభంలోనే ఉంది. పెడల్ నొక్కడాన్ని కూడా అలాగే ఎత్తుగడగా భావించాలని నా వాదన. చేయి ఆపకుండా, తరువాతి చుట్టులోని మొదటి మీటు మీటుతూనే పాదం నొక్కాలి.

రెండో అతుకు నాదానిది. నిశ్శబ్దంలోంచి నమోదు మొదలుపెడితే చివరి మీటు మోత చుట్టు అంచున తెగిపోతుంది, మొదట్లో దాని జాడే ఉండదు. అందుకని ఒక ఆవర్తనం ఊరికే వాయించి, రెండోదాని సమం మీద నమోదు మొదలుపెట్టడం మేలు. వెనుకటి మోత కొంత ముందే వచ్చి చేరుతుంది. రివెర్బ్ పెడల్ ఉంటే దాన్ని లూప్ పెడల్ తరువాత కలపాలి. అప్పుడు ఆ ప్రతిధ్వని అంచున తెగదు.

పాదం తడబడినా చుట్టు పొడవును తాళానికి సర్దిపెట్టే క్వాంటైజ్ సదుపాయం కొన్ని పెడళ్ళలో ఉంది. డ్రమ్ మెషీన్‌తో కలిసి వాయించేటప్పుడు అది అక్కరకొచ్చేదే. అయితే అది సర్దేది పొడవునే తప్ప, చుట్టు లోపలి మీట్లను కాదు. నడక కుదరని వాయింపు, కొలత కుదిరినంత మాత్రాన నిలకడగా వినబడదు.

2004లో బీబీసీలో జూల్స్ హాలండ్ కార్యక్రమంలో కేటీ టన్‌స్టాల్ ఒంటరిగా 'బ్లాక్ హార్స్ అండ్ ది చెర్రీ ట్రీ' పాడిన తీరు చూడండి. గిటారు మీద దరువు, చప్పట్లు, గొంతు, అన్నీ ప్రేక్షకుల ఎదుటే పొరలుగా పేర్చుకుంది. ఆ పేర్పు పాటకు ముందు జరిగే సన్నాహంలా కాక, పాటలో భాగంగానే సాగింది.

కొత్తగా పెడల్ కొన్నవారికి నేను చెప్పేది ఒకటే. వారం రోజులు దాన్ని పెట్టెలోనే ఉంచి, పాదంతో ఒకటో బీటు వేస్తూ వాయించండి. చేతిని ఆపకుండా పాదం సమం మీద పడడం అలవాటయ్యాక పెడల్ బయటికి తీయండి.