గాలి విసురులో దిగడం నేర్పుతున్నామా?

గాలి విసురుకు రన్‌వే పక్కకు జారి, ముక్కు చక్రం విరిగి, ప్రొపెల్లర్ వంగిన చిన్న విమానం పతాక శీర్షికలకు ఎక్కదు. అందులోని వాళ్లు చాలాసార్లు తమంతట తామే దిగి నడిచి వస్తారు. అమెరికాలో చిన్న విమానాల ప్రమాదాల్లో ల్యాండింగ్ సమయంలో జరిగేవే ఎక్కువ, ప్రాణనష్టం మాత్రం తక్కువ. దాంతో వీటిని చిల్లర తప్పిదాల కింద జమకట్టేస్తారు. నా అభ్యంతరం అక్కడే. శిక్షణలో ఎక్కడ లోటుందో ఇంత స్పష్టంగా చూపే ప్రమాదాలు వేరే లేవు.

శిక్షణలో వాడే సెస్నా 172నే తీసుకుందాం. గరిష్ఠ బరువు సుమారు 1,150 కిలోలు. రన్‌వే మీదకు 65 నాట్ల వేగంతో వస్తుంది. ఎయిర్‌బస్ ఎ320 అయితే 135 నాట్ల దరిదాపుల్లో వస్తుంది. ఎదురుగాలి ఉన్నట్టుండి 10 నాట్లు పడిపోతే పెద్ద విమానానికి తగ్గేది 7 శాతం వేగం, సెస్నాకు 15 శాతం. నేలకు పదిపదిహేను అడుగుల ఎత్తులో అది జరిగితే రెక్కలకు బరువు మోసే బలం చాలదు, విమానం దభాలున కూలబడుతుంది. అందుకే గాలి 15, విసురు 25 నాట్లుంటే తేడాలో సగం, అంటే 5 నాట్లు వేగానికి కలపమంటారు బోధకులు. భయంకొద్దీ 10 కలిపేవారూ ఉన్నారు. 65కు బదులు 75తో వస్తే విమానం గతిశక్తి మూడో వంతు పెరుగుతుంది. అది దిగనంటూ రన్‌వే మీద తేలుతూ పోతుంది. ఓపిక పట్టలేక బలవంతంగా దించితే ముక్కు చక్రం ముందు తగిలి ఎగిరెగిరి పడుతుంది.

ఇక పక్కగాలి. సెస్నా 172 మాన్యువల్‌లో 15 నాట్లని ఉంటుంది. అది పరీక్షల్లో చేసి చూపిన అంకె. కొందరు దాన్ని హామీ అనుకుంటారు, మరికొందరు పరిమితి కాదు కదా అని దాటేస్తారు. ఆ అంకె విమానం సత్తా చెబుతుంది గానీ, రడర్ (తోక చుక్కాని) పెడళ్ల మీదున్న కొత్త పైలట్ పాదాల సత్తా చెప్పదు. చక్రాలు తాకగానే పనైపోయిందనుకోవడం మరో చేటు. వేగం తగ్గేకొద్దీ రడర్ పట్టు సడలుతుంది. రెక్కల అంచుల్లోని కదిలే పలకలను, అంటే ఐలెరాన్లను, గాలివైపు తిప్పి పట్టకపోతే ఆ పక్క రెక్క లేస్తుంది.

మన దేశంలో కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. ఆ గంటల కోసం తెలుగు పిల్లలు అమెరికా దాకా వెళ్తున్నారు, తల్లిదండ్రులు అప్పులు చేస్తున్నారు. ఆ గంటల్లో ఎంత గాలి ఎదుర్కొన్నారో మాత్రం మొత్తం అంకె చెప్పదు. విద్యార్థి ఒంటరిగా ఎగిరేటప్పుడు గాలికి హద్దు పెట్టడం సబబే. బోధకుడు పక్కనున్నా గాలిలేని ఉదయాలే ఎంచుకుంటే, తొలి పెద్ద విసురు లైసెన్స్ చేతికొచ్చాక, వెనక సీట్లో మనుషులుండగా ఎదురవుతుంది.

మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇక్కడ పట్టుబట్టాలి. బోధకుడి సమక్షంలో విసురుగాలిలో చేసిన ల్యాండింగులు, గాలి వేగంతో సహా, అతని సంతకంతో లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. కుదరదనిపించిన క్షణాన ఇంజిన్ పూర్తిగా పెంచి, దిగకుండా మళ్లీ పైకి లేచి గో-అరౌండ్ చేసిన విద్యార్థికి పరీక్షలో మార్కు తగ్గకూడదు, పెరగాలి.