సరుకు బండి: డీజిలా, బ్యాటరీయా?

బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు చేసి దుకాణాలకు వేసే మనవాళ్లు కొత్త బండి కొనేముందు తేల్చుకోవాల్సింది రోజూ ఎంత దూరం తిరుగుతామన్నదే. గోపాల్‌పూర్, ఛత్రపురం చుట్టి సాయంత్రానికి ఇల్లు చేరే బండికి బ్యాటరీయే మేలని నా గట్టి నమ్మకం. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ ఒక్క ఛార్జింగుతో 154 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ లెక్క. నిండు బరువుతో అంత రాదు, అయినా ఈ తిరుగుడుకు చాలు. పైగా ఊళ్లో ఆగుతూ సాగే బండిలో, వేగం తగ్గించినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

తప్తపాణి ఘాటీ ఎక్కి మోహన వైపు సరుకు వేసేవారికి మాత్రం ఇప్పటికి డీజిలే నయం. తుపాన్లనూ మరవకూడదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. రెండు బండ్లున్నవారు ఒకటి డీజిల్‌దే ఉంచుకోండి. వాయిదాలు, బ్యాటరీ వారంటీ, బీమా సంగతులు లోపలి పేజీల్లో ఉన్నాయి, బయానా ఇచ్చేముందే చదవండి.