వేవిళ్ళకూ ఒక లెక్క

“మూడో నెల దాటనీ, అవే తగ్గిపోతాయి.” ఈ మాట చెప్పని పెద్ద ముత్తైదువ మన తెలుగునాట ఎక్కడా ఉండదు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. నెల తప్పిన ఆడవాళ్ళలో నూటికి 70, 80 మందికి వికారమో, వాంతులో, రెండూనో ఉంటాయి. సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, నాలుగో నెల వచ్చేసరికి చాలామందికి సర్దుకుంటాయి. అయితే అంతవరకూ గడిచేదెలాగ? అందరికీ ఒక్కలాగే గడుస్తుందా? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని గనుక ముందు మాట సంగతి చెప్పనివ్వండి. ఇంగ్లీషువారు దీనికి ‘మార్నింగ్ సిక్‌నెస్’ అని పేరు పెట్టారు. ఆ పేరు నమ్మి, పొద్దున్న వాంతి అయితే వేవిళ్ళు, రాత్రి అయితే అజీర్తి అనుకునేవారున్నారు. నిజానికి దానికి పొద్దూ రాత్రీ లేవు. మన వాడుకలో వేవిళ్ళు ఎప్పుడూ బహువచనమే. పడినవారికి ఆ బహువచనం ఎంత సమంజసమో తెలుస్తుంది.

మన కావ్యాల్లో గర్భిణి కోరికలకు ‘దోహదం’ అని గౌరవమైన పేరుంది. రఘువంశం మూడో సర్గలో సుదక్షిణాదేవి గర్భవతి అయినప్పుడు, సిగ్గుచేత ఆవిడ తన కోరిక చెప్పదని దిలీప మహారాజు చెలికత్తెలను అడిగి తెలుసుకుంటూ ఉంటాడు. మన ఇళ్ళలోనూ ఈ ముచ్చటకు లోటు లేదు. “ఏం తినాలనుందమ్మా?” అని అడగని చుట్టం ఉండదు. మామిడికాయలు వస్తాయి, పులిహోర వస్తుంది. కాని తిన్నది కడుపులో నిలిచిందా అని అడిగేవారు ఎందరు?

పోయిన సంవత్సరం మా కాలేజీలో ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె తలుపు పక్క బెంచీకి మారింది. పెళ్ళయి ఏడాది కాలేదు. పదిహేను రోజుల్లో పిల్ల మొహం పీక్కుపోయింది. ఆ తర్వాత రావటమే మానేసింది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు మర్యాదగానే కూర్చోబెట్టి, “మేమూ ముగ్గుర్ని కన్నామండీ. నాట్లు వేసుకుంటూనే కన్నాం. ఈ కాలం పిల్లలకి ఓర్పు తక్కువ,” అన్నది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడకు ముగ్గురు పిల్లలూ వికారమెరగకుండా పుట్టారు, అంతే.

నేను వాదించలేదు. “నిన్న పొద్దుటినుంచీ మీ కోడలి కడుపులో ఏం నిలిచిందమ్మా?” అని మాత్రం అడిగాను. ఆవిడ వేళ్ళు మడవటం మొదలుపెట్టింది. పొద్దున్న కాఫీ నిలవలేదు. మధ్యాహ్నం పెరుగన్నం నిలవలేదు. రాత్రి మజ్జిగా అంతే. లెక్కపెట్టేకొద్దీ ఆవిడ గొంతు తగ్గింది. “మంచినీళ్ళు కూడా నిలవలేదండీ,” అని తనే లేచి చెప్పులు వేసుకుంది. 46 కిలోలుండే పిల్ల ఆస్పత్రిలో 43 తూగింది. సెలైను ఎక్కించి, బి-1 విటమిన్, వాంతులు కట్టే మందు ఇచ్చారు. నాలుగో రోజున ఇడ్లీ తిన్నది. పరీక్షలు కూడా రాసింది.

ఇంతకీ ఒకరికి నాట్లు వేయగలిగే ఓపిక, ఇంకొకరికి నీళ్ళు మింగలేని అవస్థ ఎందుకు? 2023 డిసెంబరులో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలూ, అమెరికాలో మర్లీనా ఫెజో అనే ఆవిడా మరికొందరితో కలిసి దీనికొక సమాధానం ప్రకటించారు. కడుపులోని బిడ్డ, మాయ కలిసి జి.డి.ఎఫ్.-15 అనే హార్మోనును తల్లి రక్తంలోకి పంపుతాయి. అది మెదడుకు చేరి వికారం పుట్టిస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువ, ముందునుంచీ ఎక్కువగా ఉన్నవారికి తక్కువ. కారం ఎరగని నోటికి గుంటూరు మిరపకాయ తగిలినట్టన్నమాట. దీనికి ఓర్పుతోగాని, పెంపకంతోగాని నిమిత్తం లేదు.

మామూలు వేవిళ్ళకు ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నిద్రలేవగానే దిగ్గున లేవకుండా, తలగడ పక్కన పెట్టుకున్న మరమరాలో రస్కో నాలుగు నమిలి, కాసేపు ఆగి లేవాలి. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నిండానూ తినకూడదు. రెండు గంటలకోసారి పిడికెడు చాలు. నీళ్ళు అన్నంతోపాటు కాక, మధ్యమధ్య గుక్కెడు గుక్కెడుగా తాగాలి. అల్లం కొందరికి మేలు చేస్తుంది. పోపు ఘాటు పడనివారిని వంటింట్లోకి పంపకండి. నాలుగు వారాలు మగవారు పోపు వేస్తే పప్పుకేమీ లోటు రాదు. ఐరన్ మాత్ర పడకపోతే పారేయకుండా, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగాలి.

మందులంటే గర్భిణులకు భయం. ఆ భయానికి కారణముంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడును వేవిళ్ళకూ వాడారు. చేతులూ కాళ్ళూ సరిగా ఎదగని పిల్లలు వేలమంది పుట్టాక 1961లో దాన్ని ఉపసంహరించారు. ఆ పీడకల నీడ మంచి మందుల మీద కూడా పడింది. డాక్సిలమీను, బి-6 కలిపిన మాత్రను అమెరికాలో కోర్టు వ్యాజ్యాల ధాటికి కంపెనీ 1983లో మానుకుంది. అది బిడ్డకు హాని చేస్తుందన్న ఆరోపణ పరిశోధనల్లో నిలవలేదు. 2013లో అక్కడి ప్రభుత్వం అదే కలయికను మళ్ళీ అనుమతించింది. మన డాక్టర్లూ ఇస్తున్నారు. సొంతంగా కొని మింగవద్దు. డాక్టరు రాసిస్తే భయపడి మానవద్దు.

ఇక అసలు లెక్క. ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలపాటు మూత్రం రాకపోయినా, వచ్చినది ముదురు రంగులో ఉన్నా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరమో కడుపునొప్పో తోడైనా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. బరువు నూటికి అయిదు వంతులు తగ్గటం కూడా ప్రమాద సూచనే. అంటే 50 కిలోల మనిషికి రెండున్నర కిలోలు. తొమ్మిదో వారం దాటాక కొత్తగా వాంతులు మొదలైతే కారణం వేరే ఉండవచ్చు, చూపించుకోవాలి. వీధి చివర ఆయన్ని పిలిచి గ్లూకోజు సీసా పెట్టించి ఊరుకోకండి. వారాల తరబడి తిండి లేని ఒంట్లో బి-1 తరిగిపోతుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు రావచ్చు.

కోడలికి మామిడికాయలు తెచ్చిపెట్టే అత్తలకూ, మల్లెపూలు తెచ్చే భర్తలకూ నాదొక్కటే మనవి. అవి తెండి, ముచ్చటే. వాటితోపాటు రోజూ రాత్రి ఆ అమ్మాయిని రెండు ప్రశ్నలడగండి: ఇవాళ ఏం నిలిచింది? ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళావు? సిగ్గుపడితే దిలీపుడిలాగ పక్కవారినైనా అడగండి. జవాబు కాలెండరు మీద రాసుకోండి. డాక్టరమ్మకు చూపించడానికి అంతకంటే పనికివచ్చే కాగితం ఉండదు.