సైనస్ అందరికీ ఉంటుంది

"నాకు సైనస్ ఉందండీ." ఏసీ తగ్గించమనడానికో, ఐస్‌క్రీమ్ వద్దనడానికో తెలుగునాట తరచూ వినిపించే కారణం ఇది. నిజానికి సైనస్ జబ్బు పేరు కాదు. అది అందరికీ ఉంటుంది. నుదుటి ఎముకలో, బుగ్గల వెనక, రెండు కళ్ల మధ్య, ముక్కుకు బాగా లోపల ఉండే నాలుగు జతల గాలి గదులే సైనస్‌లు. వాటి లోపలి పొర వాచి, ముక్కులోకి తెరుచుకునే సన్నని దారులు మూసుకుపోతే దాన్ని సైనసైటిస్ అంటారు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మామూలు జలుబుతో ఉన్నవారు రెండో రోజే యాంటీబయాటిక్ మింగుతున్నారు. పరుగున ఆస్పత్రికి వెళ్లాల్సినవారేమో "పాత సైనసే కదా" అని ఇంట్లో ఆగిపోతున్నారు.

మందు వాడితే వారం, వాడకపోతే ఏడు రోజులు అని జలుబు మీద ఓ జోకు ఉంది. అందులో వైద్యశాస్త్రం చాలానే ఉంది. జలుబు చేసినప్పుడు సైనస్‌లు కూడా కాస్త వాస్తాయి. ముక్కు దిబ్బడ, ముఖం బరువు, వంగితే బుగ్గల్లో పోటు, వాసన తెలియకపోవడం, చీమిడి గొంతులోకి జారడం, పై దవడ పళ్లలో సలుపు, ఇవన్నీ వైరస్ వల్లే రావచ్చు. వాటంతటవే తగ్గిపోనూవచ్చు. వైరస్‌తో మొదలైన జలుబుల్లో బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారేవి నూటికి రెండుకు మించవని అంచనా. చీమిడి పచ్చగా మారగానే ఇన్‌ఫెక్షన్ ముదిరిందని భయపడేవారు ఎక్కువ. ఆ రంగు తెల్ల రక్తకణాలలోని ఎంజైముల నుంచి వస్తుంది. దాన్ని బట్టి వైరసో, బ్యాక్టీరియానో తేల్చలేం.

తేల్చేది రోజుల లెక్క. పది రోజులు దాటినా లక్షణాలు ఏమాత్రం తగ్గకపోతే బ్యాక్టీరియాను అనుమానించాలి. ఐదారు రోజులకు నెమ్మదించినట్టే ఉండి, మళ్లీ జ్వరం, తలనొప్పి, చీమిడి ఎక్కువైనా అంతే. మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరంతోపాటు చీము లాంటి స్రావమో ముఖం నొప్పో వరుసగా మూడు నాలుగు రోజులు ఉంటే పదో రోజు దాకా ఆగనక్కర్లేదు. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పింది ఇదే. మామూలు కేసులో ఎక్స్‌రే, సీటీ స్కాన్ అవసరం లేదు. పన్నెండు వారాలు దాటి కొనసాగితే మాత్రం అది దీర్ఘకాలిక సమస్య. ఎండోస్కోపీ, స్కాన్‌ల పని అప్పుడే.

మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ లెక్కలేవీ పనిచేయవు. "సైనస్" అనగానే చాలాచోట్ల చేతికొచ్చేది అజిత్రోమైసిన్. సైనసైటిస్‌కు దాన్ని తొలి మందుగా వాడొద్దని అవే మార్గదర్శకాలు స్పష్టం చేశాయి, చాలా బ్యాక్టీరియా దానికి లొంగడం మానేసింది గనక. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న నిబంధన మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. కొన్నింటి అమ్మకాలను రిజిస్టరులో రాయాలన్న షెడ్యూల్ హెచ్1 కూడా 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. కౌంటర్ మీద దాని ఛాయలు మాత్రం తక్కువ. ముక్కులో వేసుకునే చుక్కల మందుదీ ఇదే కథ. దిబ్బడ క్షణాల్లో వదులుతుంది. నాలుగైదు రోజులు మించి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మరింత బిగుసుకుపోతుంది. దాంతో మళ్లీ చుక్కలే దిక్కు. ఏళ్ల తరబడి సీసా జేబులో పెట్టుకు తిరిగేవారూ ఉన్నారు.

ఇక "సైనస్ తలనొప్పి" అన్న మాటే అనుమానించదగ్గది. తమకది ఉందని చెప్పిన దాదాపు 3,000 మందిని అమెరికాలో పరీక్షించగా 88 శాతం మందిలో కనిపించినవి మైగ్రేన్ తరహా లక్షణాలని 2004లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్లు చెమర్చుతాయి. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వికారం ఉంటే యాంటీబయాటిక్ మీద ఖర్చు దండగ. ఒక్క పక్కనుంచే దుర్వాసనతో స్రావం వస్తుంటే పెద్దల్లో పై పన్ను పుచ్చిందేమో చూడాలి. చిన్న పిల్లల్లోనైతే ముక్కులో ఏ చింతగింజో, పూసో ఇరుక్కుందేమో చూడాలి.

ఇంట్లో చేసుకోగలిగినవాటిలో ఉప్పునీటితో ముక్కు కడగడం మంచిదే. యోగాలో జలనేతి అనేది అదే. నీరు మాత్రం కాచి చల్లార్చినదై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి చనిపోయారు. ఆవిరి పట్టడం ఉపశమనమిస్తుంది గానీ, మరిగే గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టకపోవడమే మేలు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే రోజులు లెక్కపెట్టకూడదు. కంటి చుట్టూ వాపు లేదా ఎరుపు, కనుగుడ్డు ముందుకు రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం, నుదుటి మీద మెత్తటి వాపు, మెడ బిగుసుకుపోవడం, మగత, తికమక, ఇంతకు ముందెన్నడూ ఎరగని తలనొప్పి ఆ కోవలోవి. కంటికీ, పక్కనున్న సైనస్‌కూ మధ్య ఉన్నది కాగితం మందం ఎముక. ముఖ్యంగా పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో దాన్ని దాటగలదు. అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

మధుమేహులకు మరో హెచ్చరిక. 2021 వేసవిలో కోవిడ్ రెండో ఉధృతి వెనకే బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి తెలంగాణలో దాని చికిత్సకు నోడల్ కేంద్రమైంది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊళ్లు తిరిగాయి. అప్పుడు బలైనవారిలో చాలామందికి అదుపు తప్పిన షుగర్, దానికి తోడు స్టెరాయిడ్లు ఉన్నాయి. ఆ శిలీంధ్రం కోవిడ్‌తో పుట్టిందీ కాదు, దానితో పోయిందీ కాదు. తొలి దశలో అది అచ్చం సైనసైటిస్‌లాగే ఉంటుంది: ఒక పక్క ముఖం నొప్పి, ముక్కు దిబ్బడ. ఆ తర్వాత బుగ్గ మొద్దుబారుతుంది, పళ్లు కదులుతాయి, ముక్కులోనో అంగిట్లోనో నల్లటి పొక్కు కడుతుంది. షుగర్ అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు నల్ల పొక్కు కనపడేదాకా ఆగకుండా, బుగ్గ మొద్దుబారిన రోజే ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.