చంద్రయాన్ కార్యక్రమంలో ప్రైవేటు పరిశ్రమలు

చంద్రయాన్, భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ ఇస్రో చేపట్టిన చంద్ర పరిశోధనా కార్యక్రమం. దీనికి ధనము, బాధ్యత ప్రభుత్వానివే అయినా, రాకెట్ల విడిభాగాలలో చాలావాటిని ప్రైవేటు సంస్థలు తయారు చేస్తాయి. హైదరాబాదు ఉత్తర శివార్లు ఇందుకు మంచి ఉదాహరణ.

నేపథ్యం

2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో శామీర్‌పేట ప్రాంతం ఔషధ, జీవసాంకేతిక పరిశ్రమలకు, బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి యంత్ర పరిశ్రమలకు ప్రసిద్ధి. బాలానగర్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ విభాగంతో పాటు, 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1970లో మొదలైన ప్రైవేటు సంస్థ ఎం.టి.ఎ.ఆర్. కర్మాగారాలు కూడా ఇక్కడ ఉన్నాయి.

పరిశ్రమల పాత్ర

ఎం.టి.ఎ.ఆర్. ఇస్రోకు వికాస్ ఇంజన్లను, క్రయోజెనిక్ ఇంజన్ల ఉపభాగాలను తయారు చేసి ఇస్తుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్ళిన ఎల్.వి.ఎం.-3 రాకెట్టు ద్రవ ఇంధన దశలో రెండు వికాస్ ఇంజన్లు, పై దశలో ఒక క్రయోజెనిక్ ఇంజను ఉంటాయి. హైదరాబాదుకే చెందిన అనంత్ టెక్నాలజీస్ సంస్థ రాకెట్లకు, ఉపగ్రహాలకు ఎలక్ట్రానిక్ వ్యవస్థలను సమకూరుస్తుంది. అయితే యాత్ర రూపకల్పన, తుది ఆమోదం ఇస్రో చేతిలోనే ఉంటాయి.

ఆర్డర్ల సమస్య

చంద్రయాన్ ప్రయోగాలు 2008, 2019, 2023 సంవత్సరాలలో జరిగాయి. పదిహేనేళ్ళలో మూడు ప్రయోగాలను నమ్ముకొని ఏ కర్మాగారమూ నడవలేదు. ప్రయోగం లేని సంవత్సరాలలో కూడా యంత్రాలను, నిపుణులైన పనివారిని పోషించాలి. ఇస్రో చేపట్టే ఇతర ప్రయోగాలు కొంత పని కల్పిస్తాయి. మిగిలిన లోటును ఇతర రంగాలు పూడుస్తాయి. ఎం.టి.ఎ.ఆర్. అణువిద్యుత్తు, రక్షణ రంగాలకూ, అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ సంస్థకూ పరికరాలు సరఫరా చేస్తుంది. అనగా చంద్రయాత్రకు అవసరమైన నైపుణ్యాన్ని కాపాడుతున్నది చాలావరకు ఇతర రంగాల ఆదాయమే.

ఇతర దేశాలతో పోలిక

అమెరికాలో నాసా 2018లో మొదలుపెట్టిన పథకంలో ల్యాండరును ప్రైవేటు సంస్థే రూపొందిస్తుంది. చంద్రునిపైకి పరికరాలు చేర్చినందుకు నాసా రుసుము చెల్లిస్తుంది. ఇందులో నష్టభయం కూడా సంస్థదే. 2024 జనవరిలో బయలుదేరిన పెరెగ్రిన్ చంద్రుని చేరలేకపోయింది. 2024 ఫిబ్రవరిలో ఒడిస్సియస్ దిగి పక్కకు ఒరిగింది. 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ నిలకడగా దిగింది.

భవిష్యత్తు

చంద్రుని మట్టిని భూమికి తెచ్చే చంద్రయాన్-4కు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 18న రూ. 2,104.06 కోట్లతో ఆమోదం తెలిపింది. ఇందుకు రెండు ఎల్.వి.ఎం.-3 రాకెట్లు కావాలి. ఇటువంటి యాత్రలు క్రమంగా సాగితేనే చిన్న కర్మాగారాలు ఈ పనికోసం కొత్త యంత్రాలు కొనగలవు, పనివారికి శిక్షణ ఇవ్వగలవు.