పది నిమిషాల్లో ఖర్చవుతున్న యౌవనం

2025 ఏప్రిల్ తొలివారంలో ఢిల్లీలో జరిగిన స్టార్టప్ మహాకుంభ్ వేదిక మీద కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ దేశంలోని అంకుర సంస్థలను సూటిగా నిలదీశారు. చైనా సంస్థలు విద్యుత్ వాహనాల మీద, చిప్‌ల మీద, కృత్రిమ మేధ మీద పనిచేస్తుంటే ఇక్కడివి ఇంటింటికీ తిండి చేరవేసే యాప్‌లతో సరిపెట్టుకుంటున్నాయన్నారు. నిరుద్యోగ యువకులను చవక కూలీలుగా మార్చి, ఉన్నవారు గడప దాటకుండా భోజనం అందుకునే ఏర్పాటు చేస్తున్నాయని ఆక్షేపించారు. జెప్టో సహవ్యవస్థాపకుడు ఆదిత్ పాలిచా వెంటనే బదులిచ్చారు. మూడున్నరేళ్ల కిందట లేని సంస్థ ఇవాళ దాదాపు లక్షన్నర మందికి జీవనోపాధి కల్పిస్తోందని, ఏటా వెయ్యి కోట్లకు పైగా పన్ను కడుతోందని లెక్క చెప్పారు.

వాగ్వాదం రెండు మూడు రోజులు నడిచి సద్దుమణిగింది. యువకులు అంత చవకగా దొరకడానికి కారణం యాప్‌లేనన్నట్టు మంత్రి మాట్లాడారు. చవకగా దొరికినవారికి పని ఇవ్వడమే ఘనకార్యమన్నట్టు వ్యాపారి మాట్లాడారు. అసలు ఈ దేశంలో పాతికేళ్ల యువకుడి గంట ఎందుకింత చవక అన్న ప్రశ్నను ఇద్దరూ ముట్టుకోలేదు. పదేళ్లకు పైగా ప్రభుత్వంలో ఉన్న పక్షానికి ఆ ప్రశ్న ఇబ్బందికరం. ఆ చవకదనం మీదే వ్యాపారం నిలబెట్టుకున్న పెట్టుబడికి అది మరింత ఇబ్బందికరం.

ఈ మౌనం వాళ్లిద్దరికే పరిమితం కాదు. నగరాల్లోని మధ్యతరగతి ఇళ్లలో మూడు అభిప్రాయాలు నిత్యం వినిపిస్తుంటాయి. పాల పొట్లం పది నిమిషాల్లో గుమ్మం ముందు వాలడం సాంకేతికత సాధించిన విజయమన్నది మొదటిది. వీధి చివరి కిరాణా దుకాణం మూతపడితే అది కాలధర్మమన్నది రెండోది. ఈ దేశానికి పట్టిన పీడ జనాభా అన్నది మూడోది. ఈ మూడూ ఒకే నోట, ఒకే సాయంత్రం వెలువడతాయి. తలుపు గంట మోగగానే సంచీ అందుకోవడానికి లేచే చేతులు కూడా ఆ మనుషులవే. ఆ సంచీ తెచ్చినవాడు తాము తిట్టిన జనాభాలోని మనిషేనన్న స్పృహ మాత్రం ఆ గదిలో ఎవరికీ కలగదు.

సాంకేతిక విజయమన్న మాటను మొదట పరీక్షించాలి. క్విక్ కామర్స్ యంత్రాంగంలో రహస్యమేమీ లేదు. కొనుగోలుదారు అడుగు పెట్టని చిన్న గిడ్డంగులను కాలనీల నడుమ నెలకొల్పుతారు. ఏ పేటలో ఏ వస్తువు ఎంత అమ్ముడవుతుందో పాత కొనుగోళ్ల ఆధారంగా అంచనా వేసి సరుకు నింపుతారు. ఆర్డరు రాగానే లోపల ఒకరు పరుగున సంచీ కడతారు, బయట మరొకరు బండి తీస్తారు. ఇందులో అంచనా వేసే పని సాఫ్ట్‌వేర్‌ది. మెట్లెక్కే పని మనిషిది.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే విజయానికి కారణమైతే ఇదే వ్యాపారం ఐరోపాలోనూ అమెరికాలోనూ ఇంతకన్నా వర్ధిల్లాల్సింది. అక్కడ స్మార్ట్‌ఫోన్లకు కొరత లేదు, రోడ్లు మెరుగు, కొనేవారి చేతిలో డబ్బు ఎక్కువ. జరిగింది వేరు. జర్మనీలో పుట్టిన గొరిల్లాస్‌ను 2022 చివర్లో తుర్కియే సంస్థ గెటిర్ కొనుగోలు చేసింది. ఆ గెటిర్ కూడా 2024 ఏప్రిల్‌లో అమెరికా, బ్రిటన్, ఐరోపా విపణుల నుంచి వైదొలగి స్వదేశానికే పరిమితమవుతానని ప్రకటించింది. యాప్ అదే, గిడ్డంగి అదే, పది నిమిషాల వాగ్దానమూ అదే. అక్కడ కుదరని లెక్క ఇక్కడ కుదరడానికి ప్రధాన కారణం కూలి. భారతదేశం విజయమని చాటుకుంటున్న నవకల్పనలో సింహభాగం నిరుద్యోగమే.

పది నిమిషాలు సాధ్యమయ్యేది గిడ్డంగి దగ్గరగా ఉండటం వల్లనే తప్ప బండి వేగంగా నడపడం వల్ల కాదని సంస్థలు సమాధానం చెబుతాయి. దూరం తగ్గిందన్న మాట నిజమే. కానీ తొందర దూరంలో మాత్రమే ఉండదు, వేతనం కట్టే తీరులోనూ ఉంటుంది. నెల జీతం లేనివాడికి, చేరవేసిన ఆర్డర్ల సంఖ్యను బట్టే రాబడి వచ్చేవాడికి, ఎర్ర దీపం దగ్గర ఆగిన ప్రతి నిమిషమూ సొంత జేబుకు చిల్లే. వేగంగా వెళ్లమని ఎవరూ ఆజ్ఞాపించనక్కర్లేదు. చెల్లింపు సూత్రమే ఆ ఆజ్ఞ జారీ చేస్తుంది. ఆ సూత్రం ఏమిటో, నిన్నటి రేటు ఇవాళ ఎందుకు తగ్గిందో అతనికి చెప్పేవారు ఉండరు.

ఆ మనిషికి సంస్థలు పెట్టిన పేరు 'భాగస్వామి'. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఫోను అతనిది, ఎండా వానా అతనివి. లాభంలో మాత్రం భాగం లేదు. కిరాణా కొట్టు యజమాని తన దగ్గర పనిచేసేవాణ్ని కనీసం పనివాడనే పిలిచాడు. భాగస్వామి అని పిలిచి బాధ్యత దులుపుకునే విద్య కొత్త వర్తకుడిది. ఉపాధి లెక్క చెప్పాల్సినప్పుడు లక్షన్నర మందీ తమవారే. భవిష్యనిధి, ప్రమాద పరిహారం, పని గంటల ప్రస్తావన వచ్చేసరికి ఒక్కరూ తమవారు కారు.

రెండో అభిప్రాయానికి, అంటే కిరాణా పతనం కాలధర్మమన్న మాటకు, కాస్త చరిత్ర అవసరం. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతిస్తూ యూపీఏ ప్రభుత్వం 2011 నవంబరులో నిర్ణయం తీసుకుంది. నిరసనలకు తలొగ్గి దాన్ని పక్కన పెట్టి, 2012 సెప్టెంబరులో మళ్లీ తెచ్చింది. ఆ డిసెంబరులో పార్లమెంటు ఉభయ సభల్లో చర్చ, ఓటింగు జరిగాయి. చిన్న వర్తకుడి పొట్ట కొడుతున్నారంటూ భారతీయ జనతా పార్టీ నాడు ఎలుగెత్తింది. అదే పార్టీ పాలనలో 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లతో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొనుగోలు చేసింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ సంస్థ తానే సరుకు నిల్వ చేసి అమ్మరాదని, అమ్మకందార్లకు వేదికగా మాత్రమే ఉండాలని నిబంధన ఉంది. వీధిగుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడాన్ని విధానమని పిలవడం ఢిల్లీకి అలవాటైపోయింది.

2024 ఆగస్టులో ఇదే గోయల్, అమెజాన్ తెస్తున్న వందకోట్ల డాలర్లు నష్టాలు పూడ్చుకోవడానికే తప్ప దేశాన్ని ఉద్ధరించడానికి కాదని, ఆ నష్టాలు కారుచవక ధరల ఫలితం కావా అని ప్రశ్నించారు. ఒక్క రోజు తిరగకముందే ఈ-కామర్స్‌కు ప్రభుత్వం వ్యతిరేకం కాదని వివరణ ఇచ్చారు. కొనుగోలు ధర కన్నా తక్కువకు అమ్మి పోటీదారును మట్టుబెట్టడం కాలధర్మం కాదు. దాన్ని ఆపడానికే కాంపిటీషన్ చట్టం ఉంది. పెట్టుబడిదారుల డబ్బుతో రాయితీలు ఇచ్చినన్నాళ్లు ఇచ్చి, కొనేవాడికి అలవాటు ముదిరాక నిర్వహణ రుసుము, రద్దీ రుసుము, వాన రుసుము అంటూ బిల్లుకు తోకలు చేర్చే వ్యాపారాన్ని వినియోగదారుడి విముక్తిగా కీర్తించడం అమాయకత్వం.

కిరాణా వ్యవస్థ స్వర్గధామమేమీ కాదు. భార్యాపిల్లల లెక్కకు రాని శ్రమ మీద, చిట్టిచేతుల వెట్టి మీద నడిచిన కొట్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి గుమాస్తాకూ భవిష్యనిధి లేదు. అయితే నెల మధ్యలో పని పోయిన ఇంటికి అరువు పుస్తకంలో రాసుకుని బియ్యం కొలిచినవాడు ఆ కొట్టు యజమాని. ఆదాయం ఆ ఊళ్లోనే ఉండేది, ఒక కుటుంబం దాని మీద ముసలితనం వెళ్లదీసేది. ఒక అభద్ర జీవనోపాధి పోయి అంతకన్నా అభద్రమైనది వస్తే దాన్ని పురోగతి అనడం సాహసమే.

ఇక జనాభా. దేశంలో సంతానోత్పత్తి రేటు 2.0కు పడిపోయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఒక తరం తన స్థానాన్ని తాను భర్తీ చేసుకోవడానికి కావాల్సిన 2.1 కన్నా అది తక్కువ. బిహార్‌లో 3.0 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. అంటే జనాభా విస్ఫోటనమన్న మాట చాలా రాష్ట్రాల్లో ఎప్పుడో కాలం చెల్లిన భయం. అయినా 2019లో ఎర్రకోట మీది నుంచి ప్రధాని నరేంద్ర మోదీ ఆ విస్ఫోటనం గురించే హెచ్చరించారు. అయిదేళ్లు దాటాక, 2024 డిసెంబరులో ఆర్ఎస్ఎస్ అధినేత మోహన్ భాగవత్ ముగ్గురు పిల్లలు అవసరమన్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే చంద్రబాబునాయుడు ఎక్కువమందిని కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదంటూ ఉమ్మడి రాష్ట్రంలో 1994లో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది.

దక్షిణాది భయం నిరాధారం కాదు. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలకు నియోజకవర్గాల పునర్విభజనలో శిక్ష పడితే అది ఘోరమైన అన్యాయం. కానీ ఆ అన్యాయాన్ని రాజ్యాంగ చర్చలో ఎదుర్కోవాలి తప్ప ఆడవాళ్ల గర్భాల మీద భారం మోపి కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టినవారికి పని చూపలేని నేతలు పుట్టాల్సినవారికి స్వాగతం పలుకుతున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి వెలువరించిన 2024 నాటి భారత ఉపాధి నివేదిక ప్రకారం నిరుద్యోగుల్లో దాదాపు 83 శాతం యువతే. 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం ఉంటే పట్టభద్రుల్లో 29.1 శాతం. చదివినకొద్దీ పని దూరమయ్యే దేశంలో మూడో బిడ్డను కనమనడానికి గొప్ప ధైర్యం కావాలి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. యౌవనం దేశానికైనా ఒక్కసారే వస్తుంది. పనిచేసే వయసువారి వాటా 2041 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుముఖం పడుతుందని 2018-19 ఆర్థిక సర్వే అంచనా వేసింది. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా అరవై దాటినవారుంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి చెబుతోంది. ఇవాళ పాతికేళ్ల వయసులో సంచీ మోస్తున్నవాడికి అప్పటికి యాభై నిండుతాయి. అప్పటికి అతని మోకాళ్లు, నడుము అరిగి ఉంటాయి. పింఛను ఉండదు, దాచుకున్నది ఉండదు, ఇన్నేళ్ల పని నేర్పిన నైపుణ్యం ఏమిటంటే వీధుల పేర్లు. 2029-30 నాటికి గిగ్ కార్మికులు 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లోనే అంచనా కట్టింది. ఇవాళ పది నిమిషాల్లో అందుతున్న సౌకర్యం ఉచితం కాదు, చవకా కాదు. దాని అసలు బిల్లు 2050 మీద రాసి ఉంది.

రాజ్యం చేసిందేమిటి? గిగ్ కార్మికుల ఊసెత్తిన సామాజిక భద్రతా కోడ్‌కు పార్లమెంటు 2020 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అది అమలులోకి వచ్చింది 2025 నవంబరు 21న. సరుకు పది నిమిషాల్లో చేరే దేశంలో ఒక చట్టం అమలుకు అయిదేళ్లకు పైగా పట్టింది. అందులోనూ గిగ్ కార్మికుడు సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయటివాడే. సంస్థలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలంటారు. అది కూడా కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతం దాటకూడదట. రాజస్థాన్ 2023లోనే ఈ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం చేసి తొలి అడుగు వేసింది. కేంద్రం 2025 బడ్జెట్‌లో గుర్తింపు కార్డు, ఆరోగ్య బీమా ప్రకటించింది. కార్డు మంచిదే. కానీ కార్డు వేతనం కాదు.

కావాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. పెట్రోలు, బండి ఖర్చు పోను గంటకు ఇంత తక్కువ కాకుండా రాబడి ఉండాలని చట్టం చెప్పాలి. ఆర్డరు కోసం కాచుకున్న సమయాన్ని పనిగా లెక్కించాలి. చెల్లింపు సూత్రాన్ని కార్మికుడి భాషలో అతని ముందుంచాలి. కారణం చెప్పకుండా ఖాతా మూసేసే అధికారాన్ని రద్దు చేయాలి. నష్టానికి అమ్మే వ్యాపారాన్ని కాంపిటీషన్ కమిషన్ ఏళ్లతరబడి కాక నెలల్లో విచారించాలి. ఇవన్నీ చేస్తే పది నిమిషాల సేవ ఖరీదవుతుందని, కొన్ని సంస్థలు నిలబడలేవని వాదన రావచ్చు. మనిషికి న్యాయమైన కూలి ఇస్తే కూలిపోయే వ్యాపారం, ఇన్నాళ్లూ ఎవరి సొమ్ము మీద నిలబడిందో ఆ వాదనే ఒప్పుకుంటోంది.

మరో బిడ్డను కనమని పిలుపునిచ్చే ప్రతి నేతా ఆ పిలుపుకు ముందు ఒక జవాబు చెప్పాలి. ఇప్పటికే పుట్టి, చదివి, డిగ్రీ పట్టాను పెట్టెలో దాచి, భుజాన సంచీతో అయిదో అంతస్తు మెట్లెక్కుతున్నవాడికి ఈ దేశం ఏం ఇచ్చింది?